ఒట్టో లోవీ

మనుష్యుని గుండె అతని పిడికిలియంతయే యుండును. అది శిశువు తల్లికడుపులో నున్నప్పుడే కొట్టుకొననారంభించి, మరణమువరకు విశ్రాంతి యెరుగక పనిచేయును. దినమునకు సుమారు లక్ష సార్లు కొట్టుకొనును. దానిని నడిపించు ప్రేరణము దానియందే కలదు. అందుచేతనే కప్పగుండెను శరీరమునుండి వేరుచేసి, తగిన ఉప్పునీటి ద్రావణముతో నింపి యుంచినను, అది గంటల తరబడి కొట్టుకొనుచునే యుండును. కాని మనము పరుగెత్తునప్పుడు గుండె వేగిరపడుటకును, నిద్రించునప్పుడు నెమ్మదించుటకును కారణము నాడులు. ఈ నాడులలో రెండు తెగలు కలవు. ఒక తెగ గుండెను అదలించి దాని వేగమును పెంచును. రెండవది, మెదడు అడుగుభాగమునుండి మెడమీదుగా దిగివచ్చు వేగస్ నాడి, గుండెకు కళ్లెమువలె పనిచేసి దానిని నెమ్మదింపజేయును. పేరు వేగస్ అయినను దాని పని వేగమును తగ్గించుటయే. మన వేగమను మాటకును దీనికిని సంబంధము లేదు. లాటిన్ భాషలో తిరుగాడునది అని దాని యర్థము.

వేగస్ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించినచో గుండె ఆగిపోవునని 1845లో జర్మనీ దేశమున వేబర్ సోదరులు కనుగొనిరి. అయితే నాడి చివర వేరు, గుండె కండరము వేరు. ఈ రెంటి నడుమ ఆజ్ఞ ఎట్లు దాటుచున్నది? విద్యుత్తు ఒకదానినుండి మరియొకదానికి దూకుచున్నదని అనేకులు తలచిరి. ఏదో ఒక రసాయన పదార్థము దూతగా పోవుచున్నదేమోయని కొందరు ఊహించిరి. ఊహించుట వేరు, నిరూపించుట వేరు. 70 సంవత్సరములకు పైగా ఎవరును నిరూపింపలేకపోయిన ఆ విషయమును రెండు కప్పగుండెలతో నిరూపించినవాడు ఒట్టో లోవీ.

లోవీ 1873వ సంవత్సరము జూన్ 3వ తేదీన జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఒక యూదు కుటుంబమునందు జన్మించెను. తండ్రి జాకబ్ ద్రాక్షసారాయి వర్తకుడు. పాఠశాలలో లోవీకి గ్రీకు, లాటిను భాషలు కొట్టినపిండి. గణితము, భౌతికశాస్త్రము మాత్రము మింగుడుపడలేదు. అతని మనస్సు చిత్రకళవైపు మొగ్గియుండెను. కళల చరిత్రను చదువవలెనని అతడు కోరెను. ఆ చదువు కూడు పెట్టదని భయపడిన పెద్దలు వైద్యము చదువుమనిరి. ఆ కాలమున పెద్దల మాటను కాదనుట సామాన్యము కాదు. 1891లో లోవీ స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను. చేరెనే గాని, వైద్యశాస్త్రపు ఉపన్యాసములను మాని తత్త్వశాస్త్రము, కళల చరిత్ర బోధించు గదులలో కూర్చుండుచుండెను. 1893లో జరిగిన మొదటి వైద్యపరీక్షలో అతి కష్టముమీద గట్టెక్కెను. తరువాత మంచి గురువులు దొరకుటచే అతని దృష్టి మారెను. అచ్చటి ఔషధశాస్త్రాచార్యుడు ష్మీడెబర్గ్ పర్యవేక్షణమున, వేరుచేసిన కప్పగుండెపై మందుల ప్రభావమును పరిశీలించి 1896లో పట్టము పొందెను. కప్పగుండెతో అతనికి గల పరిచయము అప్పటినుండి మొదలయినది.

పట్టము పొందిన తరువాత లోవీ తన సొంత ఊరైన ఫ్రాంక్‌ఫర్ట్‌లో నగరపు ఆసుపత్రియందు పనిచేసెను. క్షయరోగులును, న్యుమోనియా రోగులును ఆ వార్డులలో నిండియుండిరి. ఆనాడు ఆ రోగములకు మందు లేదు. వైద్యుడు పడక ప్రక్కన నిలుచుండి చూచుటయే గాని చేయగలిగినది స్వల్పము. రోగులు ఒకరి తరువాత ఒకరు మరణించుచుండిరి. యువకులే ఎక్కువ. ఇది చూచి లోవీ మనస్సు విరిగెను. మందు లేని వైద్యము చేయుటకంటె మందుల మర్మమును వెదకుట మేలని నిశ్చయించుకొని 1898లో మార్‌బర్గ్ విశ్వవిద్యాలయమున హాన్స్ మేయర్ అను ఔషధశాస్త్రాచార్యునికి సహాయకుడుగా చేరెను. జంతువులు మాంసకృత్తులను వాని చిన్న చిన్న ముక్కలనుండి తిరిగి నిర్మించుకొనగలవని 1902లో అతడు నిరూపించెను. ఇది శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించినది.

అదే కాలమున లోవీ ఇంగ్లండునకు వెళ్లెను. లండనులో స్టార్లింగ్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో హెన్రీ డేల్ అను యువకునితో అతనికి పరిచయము కలిగెను. డేల్ అతనికంటె రెండేండ్లు చిన్నవాడు. ఆ పరిచయము 60 సంవత్సరముల స్నేహముగా పరిణమించినది. 1903లో లోవీ ఒక ఆంగ్ల మిత్రునితో ముచ్చటించుచు, నాడుల చివరలనుండి రసాయన పదార్థములు వెలువడుచున్నవేమోయని అనెను. అనిన మాటను అతడే మరచిపోయెను. చాలా యేండ్ల తరువాత ఆ మిత్రుడు జ్ఞాపకము చేసినప్పుడు గాని అట్టి మాట తాను అనినట్లు అతనికి తెలియలేదు. 1908లో అతడు రసాయన శాస్త్రాచార్యుడగు గోల్డ్‌ష్మీట్ కుమార్తె గీదాను వివాహమాడెను. వారికి ముగ్గురు కుమారులును, ఒక కుమార్తెయు కలిగిరి. 1909లో ఆస్ట్రియా దేశములోని గ్రాజ్ నగర విశ్వవిద్యాలయమున అతడు ఔషధశాస్త్రాచార్యుడుగా నియమింపబడెను. అచ్చట 29 సంవత్సరములు పనిచేసెను.

ఇక ఆ ప్రసిద్ధమైన రాత్రి. 1920లో ఈస్టరు పండుగకు ముందురాత్రి లోవీకి నిద్రలో ఒక ఆలోచన స్ఫురించినది. మేలుకొని దీపము వెలిగించి, ఒక పలుచని కాగితపు ముక్కపై నాలుగు మాటలు గీకి మరల నిద్రించెను. ఉదయము 6 గంటలకు లేచి చూచుసరికి ఏదో అతిముఖ్యమైన సంగతి వ్రాసినట్లు జ్ఞాపకమున్నది గాని, తన వ్రాత తనకే బోధపడలేదు. కాగితమును ఎటు త్రిప్పి చూచినను అక్షరము కూడిరాలేదు. పగలంతయు అతడు ఎంత కొట్టుకొన్నను ఆ ఆలోచన తిరిగి రాలేదు. మరునాటి రాత్రి 3 గంటలకు అది మరల వచ్చెను. ఈసారి లోవీ కాగితమును నమ్ముకొనలేదు. తటాలున లేచి నేరుగా ప్రయోగశాలకు పోయెను.

అతడు రెండు కప్పగుండెలను తీసికొనెను. ఒకదానికి వేగస్ నాడిని విడువక ఉంచెను. రెండవదానికి నాడులు లేకుండ చేసెను. రెంటిని గాజు గొట్టములకు తగిలించి ఉప్పునీటి ద్రావణముతో నింపెను. మొదటి గుండెయొక్క వేగస్ నాడిని కొన్ని నిమిషములు విద్యుత్తుతో ప్రేరేపించెను. గుండె నెమ్మదించినది. అప్పుడు ఆ గుండెలోని ద్రావణమును తీసి రెండవ గుండెలో పోసెను. ఏ నాడియు తాకని ఆ రెండవ గుండె కూడ, వేగస్ నాడి తన్ను పట్టియాపినట్లే నెమ్మదించినది. పిదప వేగము పెంచు నాడిని ప్రేరేపించి, ఆ ద్రావణమును పోయగా రెండవ గుండె వేగముగా కొట్టుకొనినది. రెండు గుండెల నడుమ నీరు తప్ప వేరు లంకె లేదు. కావున నాడి పంపిన ఆజ్ఞ ఆ నీటిలోనే యున్నదని తేలినది. నాడి విద్యుత్తును విసరుట లేదు, ఒక పదార్థమును విడుచుచున్నది. తెల్లవారుసరికి ఈ సంగతి ప్రపంచమున లోవీ ఒక్కనికే తెలియును. ఆ పదార్థమునకు అతడు వేగస్ పదార్థమని పేరు పెట్టి 1921లో ప్రకటించెను.

ఈ కథను విన్నవారు స్వప్నమునందు శాస్త్రము పుట్టినదని ఆశ్చర్యపడుట కలదు. కాని లోవీ తరువాత చెప్పిన సంగతి మరింత ఆలోచింపదగినది. పట్టపగలు నిదానముగా విచారించియున్నచో ఆ ప్రయోగమును తాను చేసియే యుండనని అతడు ఒప్పుకొనెను. నాడి ఒక పదార్థమును విడిచినను, తన పనికి చాలినంత మాత్రమే విడుచును గదా! మిగిలిపోయి ద్రావణములోనికి జారి, మరియొక గుండెను కూడ ఆపగలిగినంత విడుచునని అనుకొనుట బుద్ధికి నచ్చదు. మరియు గుండెను ద్రావణముతో నింపి పరీక్షించు పద్ధతిని అతడు రెండేండ్ల క్రిందట వేరొక పనికై వాడియుండెను. 17 ఏండ్ల క్రిందటి ఊహయు, రెండేండ్ల క్రిందటి పద్ధతియు నిద్రలో ఒకటినొకటి కలిసికొనినవి. అవి రెండును లేనివానికి ఎన్ని రాత్రులు నిద్రించినను ఆ కల రాదు.

శాస్త్రజ్ఞులు వెంటనే అంగీకరింపలేదు. ఇతరులు అదే ప్రయోగమును చేయబోగా పెక్కుచోట్ల విఫలమైనది. కొందరు లోవీ పొరబడెనని బహిరంగముగనే వ్రాసిరి. వైఫల్యమునకు కారణము లేకపోలేదు. కప్పలో గుండెను ఆపు పోగులును, అదలించు పోగులును ఒకే నాడిలో పెనవేసికొని యుండును. వీనిలో ఏవి బలముగా పనిచేయునో కప్పజాతినిబట్టియు, ఋతువునుబట్టియు మారును. అదిగాక వేగస్ పదార్థము క్షణములలో నశించిపోవును. లోవీ తన సహచరుడు నావ్రాటిల్‌తో కలిసి ఆ నాశనమునకు కారణమును కూడ కనిపెట్టెను. గుండె కణజాలములో ఒక ఎంజైము ఆ పదార్థమును విరుగగొట్టుచున్నది. ఎసెరిన్ అను మందు ఆ ఎంజైమును అడ్డగించినచో వేగస్ పదార్థము నిలిచి, దాని ప్రభావము పెరుగును. 1926లో స్టాక్‌హోమ్ నగరమున శరీరధర్మశాస్త్రజ్ఞుల మహాసభ జరిగినప్పుడు లోవీ పండితులందరి యెదుట ఆ ప్రయోగమును ఒకే గుండెపై 18 సార్లు చేసి చూపెను. 18 సార్లును అది నెరవేరినది. అప్పటినుండి ప్రతికూలుర కంఠములు సన్నగిల్లినవి.

ఆ వేగస్ పదార్థము ఎసిటైల్‌కోలిన్ అని నిర్ణయమైనది. 1914లోనే డేల్ ఆ రసాయనముయొక్క గుణములను వర్ణించి, అది వేగస్ నాడి చేయు పనిని అనుకరించుచున్నదని గమనించియుండెను. అది జంతుశరీరములో సహజముగా కలదని 1929లో డేల్, అతని సహచరుడును నిరూపించిరి. ఒకరు తాళపుచెవిని, మరియొకరు తాళమును కనుగొనినట్లయినది. 1936లో లోవీకిని, డేల్‌కును కలిపి వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానమును ఒసగిరి.

ఈ జ్ఞానము ఎచ్చటనో ఐరోపాలోని ప్రయోగశాలకు మాత్రమే చెందినది కాదు. మన పల్లెలలో పైరులకు చల్లు కొన్ని పురుగుమందులు లోవీ కనుగొనిన ఆ ఎంజైమునే అడ్డగించును. అట్టి మందు పొరపాటున శరీరములోనికి పోయినచో ఎసిటైల్‌కోలిన్ పేరుకొనిపోయి, నోట చొంగ కారుట, కనుపాపలు ముడుచుకొనిపోవుట, గుండె నెమ్మదించుట మొదలగు లక్షణములు కలుగును. ఆసుపత్రిలో దానికి విరుగుడుగా ఎట్రోపిన్ అను మందును ఎక్కించెదరు. ఎట్రోపిన్ వేగస్ పదార్థము విడుదలను ఆపదు, గుండెపై దాని పనిని మాత్రమే అడ్డగించునని చూపినవాడును లోవీయే.

గుండెపోటు విషయమున కూడ ఈ నాడుల సంగతి ముఖ్యమైనది. గుండె కండరమునకు రక్తమును తెచ్చు నాళము మూసికొనిపోయినచో, ఆ భాగపు కండరము చచ్చిపోవును. దానితోపాటు అందలి సన్నని నాడీతంతువులును దెబ్బతినును. చచ్చిన కణములను తొలగించుటకు తెల్లకణములు చేరి, అచ్చట శోథము, అనగా దెబ్బతగిలిన చోట కలుగునట్టి వాపు, పుట్టును. గాయము మానుటకు శోథము కొంత అవసరము. మితిమీరినచో అది కీడు చేయును. గుండెకు నాడులను పంపు నాడీగుచ్ఛములు కూడ ఈ మార్పులకు లోనగును. అప్పుడు అదలించు నాడుల బలము పెరిగి, వేగస్ నాడియొక్క కళ్లెము సడలును. గుండె లయ తప్పి ప్రాణాపాయము కలుగవచ్చును. వేగస్ నాడి విడుచు ఎసిటైల్‌కోలిన్ శోథమును కూడ అణచునని 2000 సంవత్సరమున అమెరికాలో కెవిన్ ట్రేసీ అను వైద్యుడు, అతని సహచరులును కనుగొనిరి. లోవీ ఊహింపని క్రొత్త పని ఇది.

కావున గుండెపోటు తరువాత శోథమును తగ్గించు మందులనిచ్చి గుండెను, దాని నాడులను కాపాడవచ్చునా యను ప్రశ్న పుట్టినది. అట్టి మందులన్నియు మేలు చేయవు. కీళ్లనొప్పులకు వాడు సామాన్యపు మందులు కొన్ని గుండెరోగులకు హాని చేయునని తేలినది. గౌట్ అను కీళ్లరోగమునకు చిరకాలమునుండి వాడుచున్న కోల్చిసిన్ అను మందును గుండెపోటు వచ్చిన 4,745 మందిపై పరీక్షించి, అది కొంత మేలు చేసినదని 2019లో ప్రకటించిరి. 2024లో అంతకంటె పెద్ద పరీక్షలో ఆ మేలు కానరాలేదు. కప్పగుండెల విషయమున జరిగినట్లే ఇందును ఒకరికి కనబడినది మరియొకరికి కనబడుట లేదు. ఆ వివాదమును తీర్చుటకు 18 సార్లు ఒకే గుండెపై చేసి చూపుట చాలదు. వేలకొలది రోగులను ఏండ్ల తరబడి పరిశీలింపవలసియున్నది.

లోవీ నోబెల్ బహుమానమును అందుకొని రెండేండ్లయినను నిండలేదు. 1938 మార్చి 11వ తేదీ రాత్రి ఆస్ట్రియా ప్రభుత్వము కూలినది. నాజీలు దేశమును ఆక్రమించిరి. ఆ రాత్రియే తెల్లవారుజామున ఆయుధములు ధరించిన పడుచువాండ్రు కొందరు లోవీ పడకగదిలోనికి చొరబడి, 64 ఏండ్ల ఆ వృద్ధాచార్యుని చెరసాలకు కొనిపోయిరి. యూదుడగుట తప్ప అతడు చేసిన నేరము లేదు. కొన్ని గంటలలో అతని ఇద్దరు కుమారులను కూడ తెచ్చి బంధించిరి. తన్ను చంపుదురని లోవీ నిశ్చయించుకొనెను. ఆ స్థితిలో అతనిని బాధించిన చింతలలో ఒకటి విచిత్రమైనది. అప్పుడే ముగించిన ఒక ప్రయోగముయొక్క ఫలితమును అతడు ఇంకను ప్రకటింపలేదు. తనతోపాటు అదియు నశించునేమోయని అతడు తల్లడిల్లెను. కావలివానిని బ్రతిమాలి ఒక కార్డును, కలమును సంపాదించి, ఆ ఫలితమును నాలుగు పంక్తులలో వ్రాసి ఒక శాస్త్రపత్రికకు పంపించెను. కార్డు పోయిన తరువాత అతని మనస్సు తేలికపడినది. చావు ఎదుటనున్నను ఒక అప్పు తీరినట్లు అతనికి తోచినది.

సుమారు రెండు నెలలకు లోవీని విడిచిపెట్టిరి. కాని దేశము విడుచుటకు వెల కట్టిరి. స్టాక్‌హోమ్‌లోని బ్యాంకియందు దాచుకొనిన నోబెల్ బహుమానపు సొమ్మునంతటిని నాజీల అధీనములోని బ్యాంకికి మార్చవలెనని నిర్బంధించిరి. లోవీ సంతకము చేసెను. 1938 సెప్టెంబరు 28వ తేదీన చేతిలో చిల్లిగవ్వ లేక లండనునకు బయలుదేరెను. భార్య గీదాను వెంట పోనీయలేదు. ఇటలీలో ఆమెకు గల ఆస్తిని కూడ అప్పగింపుమని ఆమెను నిలిపివేసిరి. ఆ దంపతులు మరల కలిసికొనుటకు మూడేండ్లు పట్టినది. లండనులో లోవీని ఆదరించినవాడు పాతమిత్రుడు డేల్. పిమ్మట లోవీ బెల్జియములో కొంతకాలము, ఆక్స్‌ఫర్డులో కొంతకాలము పనిచేసెను. 1940లో న్యూయార్కు విశ్వవిద్యాలయపు వైద్యకళాశాల అతనికి స్థానమిచ్చినది.

అమెరికా ప్రయాణమునకు ముందు వైద్యపరీక్ష చేయించుకొనవలసి వచ్చెను. ఓడ న్యూయార్కు రేవు చేరినప్పుడు, తాను తెచ్చిన వైద్యుని పత్రములో ఏమున్నదో లోవీ కంటబడినది. ముసలితనముచే మతి మందగించినవాడనియు, జీవనోపాధి సంపాదించుకొనలేనివాడనియు అందు వ్రాయబడియుండెను. తన్ను తిరిగి పంపివేయుదురని అతడు భయపడెను. అదృష్టవశమున రేవులోని అధికారి ఆ పత్రమును లెక్కచేయక లోనికి పోనిచ్చెను. మతి మందగించినదని ముద్రపడిన ఆ మనుష్యుడు తరువాత 21 సంవత్సరములు జీవించి, యువకులకు బోధించుచు, గ్రంథములు వ్రాయుచు, వేసవికాలమున వుడ్స్ హోల్ అను సముద్రతీరగ్రామములోని జీవశాస్త్ర ప్రయోగశాలకు పోయి పరిశోధకులతో గోష్ఠి జరుపుచు కాలము గడపెను. సంగీతము, చిత్రకళ అతనికి తుదివరకు ప్రియములు. 1946లో అతడు అమెరికా పౌరుడయ్యెను. 1958లో భార్య గతించినది.

1961 డిసెంబరు 25వ తేదీన న్యూయార్కులో లోవీ కన్నుమూసెను. అప్పటికి అతని వయస్సు 88 సంవత్సరములు. మరుసటి యేడు లండనులోని రాయల్ సొసైటీ పక్షమున అతని జీవితచరిత్రను వ్రాసినవాడు, 87 ఏండ్లకు చేరువైన హెన్రీ డేల్.